వైవిధ్యం అనే మాట ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అతకదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆఫీసు పరిచయ వ్యాసంలో మీరు "మా టీమ్‌లో వైవిధ్యత గల ఉద్యోగులు ఉన్నారు. ప్రతి ఉద్యోగీ వైవిధ్యమైనవారే" అని రాశారు. సరిచూసినావిడ మొదటి వాక్యంలో ఒక మాట మార్చి, రెండో వాక్యం మొత్తం కొట్టేశారు. కారణం చెప్పలేదు. డైవర్సిటీకి వైవిధ్యం, వైవిధ్యత, భిన్నత్వం మూడూ కనిపిస్తున్నాయి, ఏది వాడాలి, ఎక్కడ వాడాలి అని అడిగారు. టీమ్‌లో 12 మంది, ఆరు భాషలవాళ్ళు, అందరికన్నా చిన్నవారికి 23 ఏళ్ళు, పెద్దవారికి 58 అని కూడా రాశారు. ఆ వివరం చివర్లో పనికొస్తుంది.

ఆవిడ చేసింది రైటే. పాతికేళ్ళుగా అనువాదాలు చేస్తూ, ఇతరుల అనువాదాలు దిద్దుతూ ఉన్నాను, నేనైనా అదే చేసేదాన్ని. కారణం చెప్పకుండా కొట్టేయడం మాత్రం బాగాలేదు.

ముందు రెండో వాక్యం సంగతి. వైవిధ్యం ఒక్కరికి ఉండదు, పదిమందికి కలిపి ఉంటుంది. ఒక చెట్టుకు ఎత్తు ఉంటుంది, వయసు ఉంటుంది, వైవిధ్యం ఉండదు. అది అడవికి ఉంటుంది. ఒక్క మనిషి నిలబడితే క్యూ అనం కదా, ఇదీ అలాంటిదే. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, మాటలోనే ఉంది. వైవిధ్యం పుట్టింది "వివిధ" నుంచి. వివిధ పుస్తకాలు, వివిధ దేశాలు, వివిధ కారణాలు అంటాం. "వివిధ పుస్తకం" అని ఎవరైనా అనగా విన్నారా? చిన్నపిల్లలు కూడా అనరు. తల్లి మాటకు బహువచనం తప్పనిసరి అయినప్పుడు పిల్ల మాట ఒంటరిగా ఎలా నిలబడుతుంది? మీ రెండో వాక్యం అర్థంలో "ప్రతి ఉద్యోగీ వివిధమైనవారే" అన్నట్టే.

అందుకే ఈ మాట రాసేముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దేనిలో వైవిధ్యం? దేని విషయంలో వైవిధ్యం? మొదటి ప్రశ్నకు జవాబుగా ఏదో ఒక సమూహం దొరకాలి: టీమ్, అడవి, గ్రంథాలయం, ఒక భాషలోని యాసలు. రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. పది మంది ఉన్నారు, పది భాషలు మాట్లాడతారు, కానీ అందరూ ఒకే కోర్సు చదివి ఒకే ఏడాది చేరినవాళ్ళు. వాళ్ళలో వైవిధ్యం ఉందా? భాష విషయంలో దండిగా ఉంది, చదువు విషయంలో సున్నా. "మాలో వైవిధ్యం ఉంది" అని ఊరుకుంటే చదివేవాళ్ళు తమకు తోచినది ఊహించుకుంటారు.

ఒక చిన్న మినహాయింపు. ఒకే మనిషి గురించి చెబుతున్నా, లోపల ఒక సమూహం ఉంటే మాట అతుకుతుంది. "ఆవిడ రచనల్లో వైవిధ్యం ఉంది" అనొచ్చు, రచనలు చాలా ఉన్నాయి కాబట్టి. "ఆయన వైవిధ్యమైన పాత్రలు చేశారు" కూడా సరే. "ఈ సినిమాలో వైవిధ్యమైన పాత్ర చేశారు" అన్నప్పుడు మాత్రం రాసినవారి ఉద్దేశం "విలక్షణమైన" అని. లేదా "ఇంతకు ముందు చేయనిది" అని. పత్రికల్లో ఈ వాడుక ఎంతగా పాతుకుపోయిందంటే ఇప్పుడు దాన్ని తప్పని కొట్టేస్తే నన్నే వింతగా చూస్తారు. నా చేతికొచ్చిన కాగితంలో ఉంటే విలక్షణమైన అని మారుస్తాను, ఎదుటివారి మాటల్లో వస్తే ఊరుకుంటాను.

ఇలా ఎందుకు జారిందో నాకొక అనుమానం ఉంది. వెరైటీ అనే మాట చూడండి. ఇంగ్లీషులో అది రకరకాలుగా ఉండటం. మనం తెచ్చుకున్నాక ఏమైంది? "వాడు కొంచెం వెరైటీ మనిషి", "చొక్కా వెరైటీగా ఉందే" అంటాం. అంటే వింతగా ఉంది, అందరిలా లేదు అని. ఆ వెరైటీగా అన్నదాన్ని కాస్త మర్యాదగా రాయాల్సి వచ్చినప్పుడు వైవిధ్యంగా అని రాసేస్తాం. అలా ఒంటరి వస్తువుకు కూడా వైవిధ్యం అంటుకుంది. తమాషా ఏమిటంటే డైవర్సిటీ కూడా ఒకప్పుడు ఇదే దారిలో జారింది. దాని మూలం లాటిన్‌లో "డివెర్సుస్", అంటే తలో దిక్కుకు తిరిగినది. రోడ్డు మీద డైవర్షన్ బోర్డు ఉంటుందే, అదీ ఆ ధాతువు నుంచి వచ్చిందే. పాత ఫ్రెంచిలో ఆ మాటకు తేడాతో పాటు వింత, వక్రత, దుర్మార్గం అనే అర్థాలూ ఉండేవి. ఇంగ్లీషులో కూడా కొంతకాలం చెడ్డ అర్థం నడిచి 17వ శతాబ్దానికి పోయింది. తేడాగా ఉన్నది వింతగా, వింతగా ఉన్నది చెడ్డగా కనిపించడం ఏ ఒక్క భాషకో పరిమితం కాదన్నమాట. మన దగ్గర కూడా "వాడు అదో తేడా" అంటే మెచ్చుకోలు కాదు కదా.

ఇక మొదటి వాక్యం. ఆవిడ వైవిధ్యతను వైవిధ్యం చేసి ఉంటారు. విశాల నుంచి వైశాల్యం, వికల నుంచి వైకల్యం, విషమ నుంచి వైషమ్యం, అలాగే వివిధ నుంచి వైవిధ్యం. మొదటి ఇకారం ఐ అయింది, చివర య వచ్చి చేరింది, దాంతో గుణవాచకం కాస్తా భావవాచకం అయిపోయింది. పని పూర్తయ్యాక మళ్ళీ "త" ఎందుకు? పొలం వైశాల్యత అని రాయం. ప్రాధాన్యత, ప్రావీణ్యత, సారూప్యత అన్నిటిదీ ఇదే కథ: ప్రాధాన్యం, ప్రావీణ్యం, సారూప్యం చాలు. అయితే ఐక్యత ఉంది చూడండి, అది కూడా లెక్క ప్రకారం ఐక్యమే. కానీ అది ఎప్పుడో స్థిరపడిపోయింది, దాన్ని కదపడం నా వల్ల కాదు. వైవిధ్యత ఇంకా అంత స్థిరపడలేదు, కాబట్టి ఆపొచ్చు. నోటిమాటగా వాడితే కొంపలేమీ మునగవు. అచ్చులో మాత్రం వైవిధ్యమే రాయండి.

భిన్నత్వానికి వస్తే కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే తేడా అర్థంలో కన్నా రుచిలో ఉంది. భిన్న అంటే అసలు అర్థం పగిలినది, చీలినది. లెక్కల్లో భిన్నం అంటే ముక్క. ఛిన్నాభిన్నం సరేసరి. భేదం కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఈ మూడు వాక్యాలు చదవండి: "కమిటీలో అభిప్రాయభేదాలు వచ్చాయి." "కమిటీలో ఒకరు భిన్నాభిప్రాయం చెప్పారు." "కమిటీలో అభిప్రాయ వైవిధ్యం ఉంది." మొదటిదాంట్లో గొంతులు లేచాయి. రెండోదాంట్లో ఒకరు ఎదురు చెప్పారు, అది మినిట్స్‌లోకి ఎక్కింది. మూడోదాంట్లో ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు, నలుగురు నాలుగు కోణాల్లో చూశారు. జరిగింది ఒకే సమావేశం కావచ్చు, రాసినవారు ఎటు మొగ్గారో మాట చెప్పేస్తుంది. వైవిధ్యం మెచ్చుకోలు వైపు ఉంటుంది, భేదం తగాదా వైపు ఉంటుంది, భిన్నత్వం మధ్యలో నిలబడి తేడా ఉంది అని మాత్రం చెబుతుంది.

అందుకే "భిన్నత్వంలో ఏకత్వం" అన్న జాతీయంలో భిన్నత్వమే బాగుంటుంది. ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నా ఒకటే అనే బిగువు అందులో ఉంది. "వైవిధ్యంలో ఏకత్వం" అంటే తప్పు కాదు, కానీ బిగువు తగ్గుతుంది. ఇండోనేషియా జాతీయ నినాదం "భిన్నేక తుంగల్ ఇక". మొదటి మాట విన్నారా? అందులో ఉన్నది మన భిన్నే. 14వ శతాబ్దపు పాత జావా భాషా కావ్యం ఒకదాని నుంచి తీసుకున్నారు, భిన్నమే అయినా ఒకటే అని అర్థం. యూరోపియన్ యూనియన్ 2000లో ఎంచుకున్న "వైవిధ్యంలో ఐక్యం" అనే నినాదం కూడా ఇదే ధోరణి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. వైవిధ్యానికి వ్యతిరేకం ఏకత్వం అనుకుంటారు. కాదు, వ్యతిరేకం ఏకరూపత. కలిసి ఉండటం వేరు, ఒకేలా ఉండటం వేరు. వ్యతిరేక పదం ఏకత్వమే అయితే ఆ నినాదాలకు అర్థమే ఉండదు.

"ఎన్ని రకాలుంటే అంత వైవిధ్యం" అనుకోవడం ఇంకో పొరపాటు. సగమే నిజం. రెండు బీరువాలు ఊహించుకోండి, ఒక్కోదాంట్లో 100 పుస్తకాలు, రెండింట్లోనూ నాలుగు రకాలే: కథలు, చరిత్ర, సైన్సు, కవిత్వం. మొదటి బీరువాలో తలా 25. రెండో దాంట్లో 97 కథల పుస్తకాలు, మిగతావి ఒక్కొక్కటి. రకాలు సమానమే. కళ్ళు మూసుకుని ఒక పుస్తకం తీసి, ఏ రకమో చూసి, మళ్ళీ లోపల పెట్టి, ఇంకోసారి తీయండి. రెండుసార్లూ వేర్వేరు రకాలు వచ్చే అవకాశం మొదటి బీరువాలో నూటికి 75. రెండో దాంట్లో నూటికి ఆరు కూడా లేదు. 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ అనే బ్రిటిష్ గణాంకవేత్త ఇచ్చిన కొలత ఈ ఆలోచన మీద నిలబడిందే. జీవశాస్త్రంలో నేటికీ వాడతారు. (ఆయన రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల రహస్య లిపులు ఛేదించే బృందంలో పనిచేశారు. అక్షరాలు ఎంత తరచుగా వస్తాయో లెక్కపెట్టడం అలవాటైన మనిషికి ఈ ఊహ రావడంలో ఆశ్చర్యం లేదు.) కాబట్టి ఎవరైనా "మా దగ్గర అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు" అంటే, రకానికి ఎందరు అని అడగొచ్చు. 97, 1, 1, 1 కూడా అన్ని రకాలే.

వైవిధ్యాన్ని పోలిన రెండు మాటలతో మాత్రం నిజంగా జాగ్రత్తగా ఉండాలి: వైరుధ్యం, వైషమ్యం. తొందరలో ఒకదాని బదులు ఒకటి పడుతుంటాయి. ఒకసారి ఒక కరపత్రంలో "మన సాంస్కృతిక వైరుధ్యాన్ని కాపాడుకుందాం" అని వచ్చింది. అచ్చు వేశాక చూసుకున్నారు. మూడూ "వి" అనే ఉపసర్గతో మొదలయ్యే మాటల నుంచి పుట్టినవే. వివిధ అంటే వేర్వేరు రకాలు. విరుద్ధ అంటే ఎదురెదురు. విషమ అంటే సమం కానిది, ఎత్తుపల్లాలున్నది. ఇప్పుడు వైషమ్యం అంటే పగ అని వాడుతున్నాం గానీ అసలు అర్థం హెచ్చుతగ్గులే.

ఈ మూడు మాటలు నాకు మళ్ళీ కొత్తగా కనిపించింది ఒక మేనేజ్‌మెంట్ వ్యాసం అనువదిస్తున్నప్పుడు. డేవిడ్ హారిసన్, కేథరిన్ క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో రాసింది. వాళ్ళ వాదన ఏమిటంటే, సంస్థల్లో డైవర్సిటీ అని ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు సంగతులు. ఒకటి, మనుషులకు వేర్వేరు జ్ఞానం, అనుభవం ఉండటం. రెండు, ఒక విషయం మీద అభిప్రాయాలు దూరదూరంగా ఉండటం. మూడు, జీతం, హోదా, అధికారం కొందరి దగ్గరే పోగుపడటం. మొదటిది పెరిగితే కొత్త ఆలోచనలు రావచ్చు, రెండోది పెరిగితే గొడవలు రావచ్చు, మూడోది పెరిగితే కిందివాళ్ళ నోరు మూతపడుతుంది. మూడింటినీ ఒకే డబ్బాలో వేసి "డైవర్సిటీ మంచిదా చెడ్డదా" అని అడిగితే జవాబు గందరగోళంగానే వస్తుంది మరి.

ఆ మూడింటికీ తెలుగు ఏం పెట్టాలా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే చేతిలోనే ఉన్నాయి. రకాల్లో తేడా వైవిధ్యం, ఎదురెదురుగా నిలిచే తేడా వైరుధ్యం, హెచ్చుతగ్గుల తేడా వైషమ్యం. వైషమ్యం అంటే పగ అనుకుంటారన్న భయంతో చివరికి "అసమానత" అని రాశాను, అది వేరే సంగతి. కానీ మీరు రాసేటప్పుడు ఈ మూడూ మనసులో పెట్టుకుంటే చాలు, తొంభై శాతం తప్పులు జరగవు. ఒక ఆఫీసులో పైవాళ్ళంతా ఒక వర్గం, కిందివాళ్ళంతా ఇంకో వర్గం అనుకోండి. మనుషులను లెక్కపెడితే రెండు వర్గాలూ ఉన్నాయి కాబట్టి వైవిధ్యం ఉన్నట్టే. నిజానికి అక్కడున్నది మూడో రకం.

జీవశాస్త్రంలో ఈ మాట మీద పేచీ లేదు, నిర్వచనం స్పష్టంగా ఉంది. బయోడైవర్సిటీ అనే పొట్టి మాట పుట్టింది 1985లో, ఒక సదస్సుకు పేరు పెట్టే సందర్భంలో. 1988లో ఎడ్వర్డ్ విల్సన్ సంపాదకత్వంలో అదే పేరుతో పుస్తకం వచ్చాక అంతటా పాకింది. తెలుగులో జీవవైవిధ్యం చక్కగా కుదిరింది. 1992 నాటి అంతర్జాతీయ ఒప్పందం దాన్ని మూడు స్థాయుల్లో చెబుతుంది: ఒకే జాతి లోపల, జాతుల మధ్య, ఆవరణ వ్యవస్థల మధ్య. అందులో మొదటిదాన్ని జనం మరిచిపోతారు. 1840లలో ఐర్లండ్‌లో పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం బంగాళాదుంప మీద బతికేవారు. దుంప ముక్క నాటితే వచ్చే మొక్క పాతదానికి జన్యుపరంగా నకలే. అంటే ఎన్ని లక్షల మొక్కలున్నా ఒకే మొక్క ఉన్నట్టు. 1845లో తెగులు వచ్చింది. ఒక మొక్కకు తట్టుకునే శక్తి లేకపోతే దేనికీ లేదు. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. కరువు అంత ఘోరం కావడానికి రాజకీయ కారణాలూ ఉన్నాయి, కానీ పైరు పోవడం వరకూ చూస్తే జన్యు వైవిధ్యం లేకపోవడం అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

సాంకేతిక రంగాల్లో కొన్నిచోట్ల అనువదించకుండా వదిలేయడమే మేలు. వైఫై రూటర్‌కు రెండు యాంటెనాలు పెట్టి, ఒకదాంట్లో సిగ్నల్ తగ్గితే రెండోదాన్నుంచి తీసుకోవడాన్ని యాంటెనా డైవర్సిటీ అంటారు. దానికి వైవిధ్యం అని రాస్తే ఇంజినీర్లకే అర్థం కాదు. అమెరికా న్యాయ భాషలో డైవర్సిటీ అంటే వాది ప్రతివాదులు వేర్వేరు రాష్ట్రాలవాళ్ళు కావడం. అక్కడ విషయం విడమరిచి రాయాలి, వైవిధ్యం అని పెట్టకూడదు.

అమెరికా కోర్టుల మాట వచ్చింది కాబట్టి, మీ రెండో వాక్యం ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో కూడా చెబుతాను. 1978లో అక్కడి సుప్రీంకోర్టు, సీటు దక్కని బాకీ అనే అభ్యర్థి కేసులో తీర్పు ఇచ్చింది. ఒక వైద్య కళాశాల 100 సీట్లలో 16 మైనారిటీల కోసం ప్రత్యేకంగా పక్కన పెట్టడం చెల్లదంటూనే, విద్యార్థుల్లో డైవర్సిటీ కోసం జాతిని ఒక అంశంగా చూడొచ్చని జస్టిస్ పావెల్ రాశారు. అప్పటి నుంచి కళాశాలలూ కంపెనీలూ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాయి. (2023లో అదే కోర్టు ప్రవేశాల్లో జాతిని చూడటాన్ని దాదాపుగా ఆపేసింది.) ఈలోగా మాట అర్థం మెల్లగా మారింది. సమూహంలో తేడాలు అన్న అర్థం పోయి, ఇప్పటిదాకా చోటు దక్కని వర్గాలవాళ్ళు అన్న అర్థం వచ్చింది. అందుకే హెచ్ఆర్ ఇంగ్లీషులో డైవర్స్ క్యాండిడేట్ అంటే ఒక్క మనిషే. అది ఇంగ్లీషువాళ్ళలోనే చాలామందికి మింగుడుపడని వాడుక. మనం దాన్ని వైవిధ్యమైన అభ్యర్థి అని దింపుకుంటే చదివేవారికి తిక్క మనిషేమో అనిపిస్తుంది. మీరు చెప్పదలచుకున్నది ఆ అర్థమే అయితే "తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాలవారు" అని సూటిగా రాయండి. ప్రతి ఒక్కరికీ ఒక ప్రత్యేకత ఉందని చెప్పాలనుకుంటే "ప్రతి ఒక్కరిదీ ఒక ప్రత్యేకత" అనండి.

డైవర్సిటీతో పాటు వచ్చే ఇంక్లూజన్ అనే మాటను దానితో కలపకండి. రకరకాల మనుషులు ఉండటం ఒకటి, వాళ్ళ మాట చెల్లడం ఇంకొకటి. ఇంక్లూజన్‌కు సమ్మిళితత్వం అని రాస్తున్నారు, నాకు మాత్రం అది నోరు తిరగని మాట. కలుపుకుపోవడం అంటే సరిపోతుంది.

మీ వాక్యాలకు వద్దాం. మొదటిదాన్ని ఇలా రాయొచ్చు: "మాట్లాడే భాషల్లోనూ, వయసులోనూ మా టీమ్‌లో చాలా వైవిధ్యం ఉంది." దేనిలో, దేని విషయంలో అన్న రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చేసింది. నన్ను అడిగితే అది కూడా వద్దంటాను. మీ దగ్గర అసలైన సరుకు ఉంది కదా: "మేం 12 మందిమి. మా మధ్య ఆరు భాషలు వినిపిస్తాయి. మాలో చిన్నవారికి 23 ఏళ్ళు, పెద్దవారికి 58." రెండో వాక్యం కొట్టేసిన చోట ఆ 58 ఏళ్ళ ఆయన గురించో, ఆవిడ గురించో రెండు ముక్కలు రాయండి.